పరాయి ఊరి ఇసుకలో



విదేశాల గురించి వ్రాయమంటే చాలామంది కోటల గురించి, మ్యూజియముల గురించి, ఆకాశాన్ని తాకే మేడల గురించి వ్రాస్తారు. జర్మనీ రాజధాని బెర్లిన్‌లో 2022 ఏప్రిల్ నుండి రెండేళ్లపాటు కాపురమున్న మేము అవి చూడలేదని కాదు. అయితే ఆ ఊరిని మాకు నిజంగా పరిచయం చేసింది మా మూడేళ్ల పాప. ఆమె వేలు పట్టుకొని మేము తిరిగినవి పిల్లల ఆటస్థలాలు. రెండేళ్లలో నలభైకి పైగా చూశాము. పల్లెటూళ్లలో ఈ పత్రిక చదువుకొనే కుటుంబాలకు బెర్లిన్ ఆటస్థలాలతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. చివరి వరకు ఓపికగా చదివి, ఆ ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి.

నాలుగో అంతస్తు

మా ఇద్దరిలో ఒకరికి అక్కడ పరిశోధన ఉద్యోగం వచ్చినందున వెళ్లాము. ప్రెంజ్‌లౌవర్ బెర్గ్ అనే పేటలో, వందేళ్లు దాటిన పాత మేడలో, నాలుగో అంతస్తులో రెండు గదులు దొరికాయి. లిఫ్టు లేదు. పాప అంతవరకు పల్నాడులోని మా ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగింది. అక్కడ గడప దాటితే వీధి, వీధి నిండా మనుషులు. పెదనాన్న పిల్లలు, ఎదురింటి పిల్లలు, కోళ్లు, మేకపిల్లలు. ఎవరింట్లో అన్నం వేళ అయితే వారింట్లో నాలుగు ముద్దలు తినేది. బెర్లిన్‌లో గడప దాటితే మెట్లు. మెట్లు దిగితే బరువైన తలుపు. పక్క వాటావారు ఎదురైతే మర్యాదగా పలకరించి తమ దారిన తాము పోయేవారు. వారిని తప్పు పట్టలేము, అది ఆ ఊరి పద్ధతి.

రెండు వారాలు తిరిగేసరికి పాపకు మాట తగ్గిపోయింది. ఆకలైనా సైగ, దాహమైనా సైగ. కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని క్రిందకు చూస్తూ కూర్చునేది. నాయనమ్మ ఫోనులో కనబడి, "అమ్మలూ, ఏం తిన్నావే?" అని అడిగితే తల ఊపేది గాని నోరు విప్పేది కాదు. వసపిట్ట అని పేరు తెచ్చుకున్న పిల్ల అలా మూగబోతే తల్లిదండ్రుల ప్రాణం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. చివరకు నాయనమ్మే అన్నది: "బిడ్డను గదిలో కూర్చోబెడితే మాట ఎక్కడి నుండి వస్తుంది? నలుగురు పిల్లల్లోకి తీసుకుపోండి."

ఆ నలుగురు పిల్లలు ఎక్కడ ఉంటారు? ఆ ప్రశ్నతో మేము వీధిలోకి దిగాము. మా ఇంటికి మూడు నిమిషాల నడక దూరంలో, వీధి మలుపులో, నడుమెత్తు కంచె కనిపించింది. లోపల పెద్ద ఇసుక గుంట, దాని నిండా పిల్లలు. ఆ భాషలో దానిని "ష్పీల్‌ప్లాట్స్" అంటారు. ఆట స్థలం అనే అర్థం.

ఇసుక, బోరింగు, పిచ్చుక గూళ్లు

ఆ స్థలం ఎలా ఉందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మన పట్టణాల పార్కులలో ఉండే రంగు రంగుల ఇనుప జారుడుబల్లలు అక్కడ తక్కువ. వంకరలు తిరిగిన చెట్టు మొద్దులను బెరడు తీసి, నునుపు చేసి, వాటితోనే గుడిసెలు, వంతెనలు, ఎక్కే నిచ్చెనలు కట్టారు. రోబీనియా అనే చెట్టు కర్ర తడికి తొందరగా పాడుకాదని దానిని వాడతారు. తాళ్ల వల ఒకటి, ఊయలలు రెండు, చంటిపిల్లలు జారిపోకుండా బుట్ట ఊయల ఒకటి. మధ్యలో మెత్తని ఇసుక. చుట్టూ బెంచీలు, వాటి మీద తల్లులు, తండ్రులు, తాతలు. టిక్కెట్టు లేదు, కాపలావాడు లేడు. కుక్కలను తేవద్దని గేటు దగ్గర చిన్న బోర్డు మాత్రం ఉంది.

ఇసుకలో ప్లాస్టిక్ గరిటెలు, చిన్న బకెట్లు, జల్లెడలు పడి ఉన్నాయి. అవి ఎవరివో మాకు తెలియలేదు. పాప ఒక బకెట్టు వైపు చూసి మా వైపు చూసింది. ప్రక్కనున్న ఒక తల్లి నవ్వి, తీసుకోమని చేతితో చూపించింది. తరువాత అర్థమైంది. అక్కడి పిల్లలు తమ బొమ్మ సామాను ఇసుకలోనే పరుస్తారు. ఆడినంతసేపు అది అందరిది. ఇంటికి వెళ్లేటప్పుడు అడుగున వ్రాసిన పేరు చూసి ఎవరిది వారు ఏరుకుంటారు. కొన్ని పాతవి ఎవరూ తీసుకుపోక అక్కడే ఉండిపోతాయి, తరువాత వచ్చేవారి కొరకు.

ఒక మూలన పాపకు తెలిసిన వస్తువు కనబడింది. చేతి పంపు! మన ఊళ్లలో బోరింగు అంటామే, అదే. పిల్లల ఎత్తుకు సరిపోయేలా చిన్నది. ఒక పిల్ల కొడుతూ ఉంటే నీళ్లు చెక్క దోనెలో పడి, అక్కడ నుండి ఇసుకలోకి పారుతున్నాయి. మిగిలిన పిల్లలు గట్లు కట్టి, కాలువలు తీసి, ఆ నీటిని మళ్లిస్తున్నారు. చూడగానే మాకు నవ్వు వచ్చింది. సాగరు కాలువ నీళ్లు మడికి పెట్టే రైతు చేసే పని ఇదే కదా! మహా నగరం నడిబొడ్డున పిల్లలకు ఆ పనిని ఆటగా ఇచ్చారు.

పాప మొదటి రోజు కంచె దగ్గరే నిలబడింది. రెండవ రోజు ఇసుకలో కూర్చుంది. మూడవ రోజు తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, అరచేతితో తట్టి, మెల్లగా పాదం లాగింది. పిచ్చుక గూడు తయారైంది. ప్రక్కనున్న జర్మను పిల్లలు ఆశ్చర్యంగా చూశారు. వారు బకెట్టుతో ఇసుకను బోర్లించి కేకులు చేస్తారు గాని పాదంతో గూడు కట్టడం ఆ రోజు అక్కడ ఉన్నవారిలో ఎవరికీ తెలియదు. కాసేపటికి నలుగురు పిల్లలు బూట్లు విప్పి పాదాలు ఇసుకలో పెట్టారు. మన పిల్లల ఆటకు భాష అవసరం రాలేదు.

నీళ్లకు మూడు పేర్లు

అది యుద్ధం మొదలైన వసంతం. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రెయిను మీద పెద్ద ఎత్తున దాడి చేసిన తరువాత, వేలాది తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని రైళ్లలో బెర్లిను చేరారు. మా వీధి ఆటస్థలానికి అటువంటి ఒక తల్లి, అయిదేళ్ల కుమారుడు రావడం మొదలుపెట్టారు. ఆ బాబు ఎవరితోను కలిసేవాడు కాదు. ఒకనాడు పైన విమానం శబ్దం వినబడగానే వాడు పరుగెత్తి జారుడుబల్ల క్రింద దూరాడు. తల్లి మోకాళ్ల మీద కూర్చుని ఎంతోసేపు బ్రతిమాలిన తరువాత గాని బయటకు రాలేదు. మాకు వారి భాష రాదు, వారికి మా భాష రాదు. ఫోనులోని అనువాదం ద్వారా ఆ తల్లి నాలుగు మాటలు చెప్పింది. భర్త అక్కడే ఉండిపోయాడు. యుద్ధ వయస్సులో ఉన్న మగవారిని అప్పట్లో సరిహద్దు దాటనివ్వడం లేదు. తిరిగి ఎప్పుడు కలుస్తారో దేవునికే తెలియాలి.

మరునాడో, ఆ మరునాడో పాప బోరింగు కొడుతున్నది. ఆ బాబు కొంచెం దూరంలో గరిటెతో కాలువ తీస్తున్నాడు. పాప కొట్టే నీళ్లు వాడి కాలువ దాకా పారక మధ్యలోనే ఇంకిపోతున్నాయి. వాడు తలెత్తి చూశాడు. పాప రెండు చేతులతో పంపు మీద వ్రేలాడుతూ, గట్టిగా, "నీళ్లు! నీళ్లు!" అని కేక వేసింది. నెల రోజుల తరువాత మా బిడ్డ నోట వచ్చిన మొదటి పెద్ద మాట అదే. ఆ బాబు కాలువ వైపు చూపించి, "వోడా!" అని అరిచాడు. ప్రక్కనున్న జర్మను పిల్ల, "వాసర్!" అని తానూ అందుకున్నది. ముగ్గురూ మూడు భాషలలో నీళ్లను పిలుస్తూ, నవ్వుతూ, తడిసి ముద్దయ్యారు. కాలువ పారింది.

ఆ రాత్రి నాయనమ్మకు ఫోను చేసినప్పుడు పాప ఆగకుండా మాట్లాడింది. ఆ బాబు సంగతి, బోరింగు సంగతి, ఇసుకలో తప్పిపోయిన చెప్పు సంగతి, అన్నీ చెప్పింది. నాయనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చిన్న తెర మీద కూడా మాకు కనిపించింది.

ఎవరు పెట్టారు ఈ స్థలాలు?

ఇవి దానంతట అవి వచ్చినవి కావు. బెర్లిన్ నగరంలో ఇప్పుడు 1,800కు పైగా ప్రభుత్వ ఆటస్థలాలు ఉన్నాయి. నగరం రెండు ముక్కలుగా ఉన్న రోజులలోనే, 1979లో, పశ్చిమ బెర్లిన్‌లో పిల్లల ఆటస్థలాల కొరకు ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు. ఊళ్లో నివసించే ఒక్కొక్క మనిషికి ఒక చదరపు మీటరు చొప్పున ఆట నేల ఉండాలని అందులో ఉంది. పిల్లవాడికి అని కాదు, జనాభాలో ప్రతి మనిషికి అని. ఇది గాక, ఆరు కంటే ఎక్కువ వాటాలున్న మేడ కొత్తగా కట్టేవారు ఆ ఆవరణలోనే చిన్న పిల్లలకు ఆట చోటు చూపించాలని భవన నిర్మాణ నియమాలలో ఉంది.

ఆ ఆలోచనకు వెనుక ఆ దేశంలో పాత చరిత్ర ఉంది. "కిండర్‌గార్టెన్" అనే మాట మన పిల్లల బడులలో కూడా వింటాము. పిల్లల తోట అని దాని అర్థం. ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ 1782లో జర్మనీలోని ఒక పాస్టరుగారి ఇంట్లో పుట్టాడు. ఏడాది నిండక మునుపే తల్లిని పోగొట్టుకున్నాడు. చిన్న పిల్లలకు ఆటే చదువు అని నమ్మి, 1840లో తన బడికి ఆ పేరు పెట్టాడు. 1851లో ప్రష్యా ప్రభుత్వం అటువంటి బడులను నిషేధించింది. మరుసటి సంవత్సరమే ఆయన కన్నుమూశాడు. నిషేధం 1860లో గాని తొలగలేదు. తాను వేసిన విత్తనం లోకమంతా మొలకెత్తడం ఆయన చూడలేదు.

పడితే పడనివ్వండి

ఆ ఆటస్థలాలలో మమ్మల్ని మొదట భయపెట్టినది, తరువాత ఆలోచింపజేసినది ఒకటుంది. అక్కడి పెద్దలు పిల్లల వెనుక పరుగెత్తరు. మూడేళ్ల పిల్ల తాళ్ల వల ఎక్కుతుంటే తల్లి బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. చూడడం మానదు, లేవడం మాత్రం తొందరపడదు. ఒకసారి మా పాప వల సగం ఎక్కి జారి ఇసుకలో పడింది. పెదవి చిట్లి కొంచెం రక్తం వచ్చింది. మేము వెళ్లి నోరు కడిగాము. బెంచీ మీది ఒక ముసలమ్మ కాగితం రుమాలు ఇచ్చి, పాపను ఎత్తుకోబోతున్న మమ్మల్ని చేతితో ఆపి, వల వైపు చూపించింది. పాప ఏడుపు ఆపి, వలను కాసేపు చూసి, మళ్లీ వెళ్లింది. ఈసారి మూడు మెట్లు ఎక్కి, క్రిందకు చూసి, తానే దిగింది. తనకు ఎంత ఎత్తు చాలునో ఆ రోజు తానే కొలుచుకున్నది.

ఇది అజాగ్రత్త కాదు. అజాగ్రత్త జరగకుండా పెద్దలు ముందే చేసి పెట్టిన పని చాలా ఉంది. యూరపు ప్రమాణాల ప్రకారం ఆట సామాను మీద నుండి పిల్లవాడు పడగలిగిన ఎత్తు మూడు మీటర్లు మించకూడదు. ఎత్తైన వాటి క్రింద మెత్తని ఇసుకో, చెక్క పొట్టో దండిగా పోయాలి. తల ఇరుక్కొనే సందులు ఉండకూడదు. ప్రాణం తీసే ప్రమాదాన్ని పెద్దలు తొలగిస్తారు. మోకాలు గీసుకొనే ప్రమాదాన్ని పిల్లలకు వదిలిపెడతారు. ఈ తేడా మాకు ఎంతో విలువైనదిగా తోచింది.

మా పేటలోనే, కోల్విట్స్ వీధిలో, "కోలె 37" అనే మరొక రకం స్థలం ఉంది. 1990 నుండి నడుస్తున్నది. అక్కడ ఆరేళ్లు నిండిన పిల్లలు పదహారేళ్ల వరకు సుత్తి, రంపం, మేకులు పట్టుకొని తమ గుడిసెలు తామే కట్టుకుంటారు. కంటికి ఇంపుగా ఏమీ ఉండదు. పాత చెక్కలు, వంకర గోడలు. కనిపెట్టి ఉండే శిక్షణ పొందిన కార్యకర్తలు ఉంటారు. తల్లిదండ్రులు మాత్రం సాధారణంగా కంచె బయటే. మా పాపకు వయస్సు చాలక మేము బయట నుండే చూశాము. మేకు కొట్టడం నేర్చుకుంటున్న పదేళ్ల ఆడపిల్ల ముఖంలోని శ్రద్ధ ఇంకా గుర్తున్నది.

విత్తనపు గింజలు

ఆ వీధికి, ప్రక్కనున్న చిన్న తోటకు కేటె కోల్విట్స్ అనే చిత్రకారిణి పేరు పెట్టారు. తోటలో పిల్లల ఆటస్థలం, దాని దగ్గరే ఆమె కంచు విగ్రహం. గుస్తావ్ జైట్స్ అనే శిల్పి చేసినది. కూర్చున్న ముసలి తల్లి రూపం. పిల్లలు ఆ విగ్రహం ఒడిలోకి ఎక్కి కూర్చుంటారు, భుజాలు పట్టుకొని వ్రేలాడతారు. ఎవరూ వద్దనరు. మా పాప కూడా ఎక్కింది.

ఆమె ఎవరని తెలుసుకున్న తరువాత ఆ దృశ్యం మాకు వేరుగా కనిపించింది. ఆమె భర్త ఆ పేటలో బీదలకు వైద్యం చేసిన డాక్టరు. ఆ వీధిలోనే వారి ఇల్లు. ఆమె బీద తల్లుల బొమ్మలు, ఆకలిగొన్న పిల్లల బొమ్మలు గీసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 అక్టోబరులో, చిన్న కుమారుడు పీటర్ పద్దెనిమిదేళ్లకే బెల్జియంలో చనిపోయాడు. ఆ పేరే పెట్టుకున్న మనుమడు 1942లో రష్యా రణరంగంలో పోయాడు. 1943లో బాంబులు పడి ఆమె ఇల్లు కాలిపోయింది. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియడానికి కొన్ని రోజుల ముందు, ఆమె కన్నుమూసింది. ఆమె చివరి రోజుల బొమ్మ ఒకటి ఉంది. ఒక తల్లి రెండు చేతులు చాపి, కోడి రెక్కల క్రింద పిల్లలను దాచినట్లు, మగపిల్లలను తన క్రింద దాచుకుంటుంది. ఆ బొమ్మ పేరు తెలుగులో చెప్పాలంటే, విత్తనపు గింజలను పిండి కొట్టకూడదు. రైతు ఇంట పుట్టిన మాకు దానికి వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. ఎంత కరువు వచ్చినా విత్తనాల కుండ జోలికి పోని ఇళ్లు మనవి.

బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి ఒడిలో ఇప్పుడు రోజూ ఎవరెవరి బిడ్డలో ఆడుకుంటున్నారు. ఆమెకు కట్టిన జ్ఞాపకచిహ్నాలలో ఇదే మిక్కిలి తగినదని మాకు తోచింది.

బెర్లిన్‌లో ఇటువంటి చోట్లు ఇంకా ఉన్నాయి. 1961 నుండి 1989 వరకు ఊరిని రెండుగా చీల్చిన గోడ ప్రక్కన, సైనికులు తుపాకులతో కాపలా కాసిన నేల మీద ఇప్పుడు మౌవర్‌పార్క్ అనే తోట ఉంది. అక్కడ దిబ్బ మీద ఊయలలు వేశారు. ఊగితే పాత సరిహద్దు మీదుగా దూరాన ఊరు కనిపిస్తుంది. ఆ తోట అంచుననే పిల్లల కొరకు మేకలు, గొర్రెలు పెంచే చిన్న దొడ్డి ఉంది. పాప పరుగెత్తి వెళ్లి మేకను మెడ పట్టుకున్నది. ఇతర పిల్లలు భయపడుతూ ఆకు అందిస్తున్నారు. "మా నాయనమ్మకు అయిదు ఉన్నాయి" అని వారికి తెలుగులో గర్వంగా చెప్పింది. ఫ్రీడ్రిష్‌హైన్ తోటలో మరొక వింత. అక్కడి కొండలు దేవుడు చేసినవి కావు. రెండవ ప్రపంచ యుద్ధంలో కూలిన ఇళ్ల ఇటుకలు, రాళ్లు పోగుచేసి, మట్టి కప్పి, చెట్లు నాటారు. మంచు పడినప్పుడు ఆ దిబ్బల మీద నుండి పిల్లలు చెక్క బండ్లలో జారుతారు. వారి క్రింద ఒక తరం వారి ఇళ్లు ఉన్నాయి.

లోపాలు కూడా ఉన్నాయి

అంతా స్వర్గమని చెబితే అబద్ధమవుతుంది. మనిషికి ఒక చదరపు మీటరు అన్న చట్టం చాలా పేటలలో ఇంకా నెరవేరలేదు. మరమ్మతుకు డబ్బు చాలక, విరిగిన జారుడుబల్ల చుట్టూ ఇనుప కంచె కట్టి నెలల తరబడి వదిలేసిన చోట్లు చూశాము. ఇసుకలో సిగరెట్టు పీకలు, సీసా పెంకులు కూడా ఏరాము. పిల్లల అల్లరి భరించలేక ఇరుగుపొరుగు కోర్టుకు ఎక్కిన సంగతులు ఆ దేశంలో ఎన్నో ఉన్నాయి. చివరకు 2010లో బెర్లిన్, 2011లో దేశ పార్లమెంటు చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ఆటస్థలంలో, పిల్లల బడిలో వినబడే పిల్లల కేకలను యంత్రాల రొదతో సమానంగా చూడకూడదని నిర్ణయించారు. పిల్లల గోలకు చట్టం కావలసి వచ్చిందా అని నాయనమ్మ నవ్వింది. కాని మన ఇళ్లలో "నోరు మూయండిరా" అన్న కేక రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్క పెడితే మనకూ ఆ చట్టం కొంత అవసరమేనేమో.

చలికాలం మరొక పరీక్ష. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. అయినా పిల్లలు మైనపు గుడ్డ వంటి బురద లాగులు తొడుక్కొని గుంటల్లో గెంతుతూనే ఉంటారు. చలి తప్పు కాదు, తగిన బట్ట వేయకపోవడమే తప్పు అని అక్కడివారి వాదన. మా పాపకు కూడా ఒక బురద లాగు కొన్నాము. ఆ చలికాలం ఆమె ఇంట్లో కూర్చున్న రోజులు చాలా తక్కువ.

ఒక గుడి ఆవరణలో

ఇప్పుడు మీకు ఒక పాత సంగతి చెప్పాలి. బెర్లిన్‌లో పుట్టి, అమెరికాలో డాక్టరుగా స్థిరపడిన మేరీ జక్షెవ్‌స్కా అనే ఆమె 1885లో బెర్లిన్ వచ్చి, అక్కడి తోటలలో ఇసుక కుప్పలు చూసింది. ధనికుల పిల్లలు, బీదల పిల్లలు కలిసి ఆ ఇసుకలో త్రవ్వుకుంటున్నారని బోస్టన్ నగరంలోని తన స్నేహితులకు వ్రాసింది. ఆ ఉత్తరం చదివిన స్త్రీలు ఏమి చేశారో తెలుసా? బోస్టన్‌లో వలస వచ్చిన బీదలు ఇరుకుగా నివసించే వీధిలో ఒక బండెడు ఇసుక పోయించారు. ఎక్కడ? పార్మెంటర్ వీధిలోని చిన్న ప్రార్థనా మందిరం ఆవరణలో. పేటలోని తల్లులే వంతులవారీగా పిల్లలను కనిపెట్టి ఉన్నారు. 1887 నాటికి ఆ ఊళ్లో అటువంటి ఇసుక తోటలు పది అయ్యాయి. అమెరికా దేశంలో పిల్లల ఆటస్థలాల ఉద్యమం ఆ ఇసుక కుప్పతోనే మొదలైందని చరిత్రకారులు వ్రాస్తారు. ప్రభుత్వం కాదు, కోటీశ్వరుడు కాదు, ఒక మందిరం గేటు తెరవడం దానికి ఆరంభం.

మేము 2024లో తిరిగి వచ్చినప్పుడు మా ఊళ్లో పాప మొదట అడిగిన ప్రశ్న, "ఇక్కడ ఆటస్థలం ఎక్కడ?" అని. మేము చిన్నప్పుడు కోతికొమ్మచ్చి ఆడిన చెరువు గట్టు ఇప్పుడు ఇళ్లతో నిండిపోయింది. ఏడు పెంకులాట ఆడిన నడివీధిలో మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు ఆగకుండా తిరుగుతున్నాయి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం చెబుతుంది గాని బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. మగపిల్లలు ఎలాగో క్రికెట్టుకు ఏదో ఒక బీడు వెదుక్కుంటారు. ఆడపిల్ల మాత్రం పదేళ్లు నిండకముందే తమ్ముణ్ణి చంకనెత్తుకొని గట్టున నిలబడి చూస్తుంది. మిగిలినవారు సెల్‌ఫోను ముందు కూర్చుంటారు. నాలుగో అంతస్తు కిటికీ దగ్గర మా పాప కూర్చున్నట్లే.

మన ఊళ్లన్నిటిలో ఇంకా ఖాళీగా ఉన్న శుభ్రమైన నేల ఏది? ఆలోచించండి. చాలా చోట్ల అది మన మందిరం ఆవరణే. ఆదివారం మూడు గంటలు, ఉపవాస ప్రార్థన రోజున మరికొన్ని గంటలు. మిగిలిన వారమంతా దానికి తాళమే.

పెద్ద ఖర్చు అవసరం లేదు. ఒక ట్రాక్టరు మంచి ఇసుక. చుట్టూ నాలుగు తాటి మొద్దులు. గట్టి వేప కొమ్మ ఉంటే తాటి నారతో గాని, నైలాను మోకుతో గాని ఒక ఊయల. బలం చూడడానికి ముందు పెద్దవారు ఇద్దరు ఊగి చూడాలి. రాత్రిపూట కుక్కలు, పిల్లులు పాడు చేయకుండా ఇసుక మీద పట్టా కప్పాలి. ఉదయం పట్టా తీసేటప్పుడు పురుగు పుట్ర ఉన్నదేమో కర్రతో కదిపి చూడాలి. గాజు పెంకులు, మేకులు ఏరాలి. దగ్గరలో బావి ఉంటే దానికి మూత ఉండాలి. సాయంత్రం రెండు గంటలు ఎవరో ఒక నాయనమ్మ గాని, తాతయ్య గాని అరుగు మీద కూర్చుంటే చాలు. వారికీ కాలక్షేపం అవుతుంది.

అయితే ఇసుక కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. బెర్లిన్‌లో రెండేళ్లపాటు నలభై ఆటస్థలాలలో తిరిగాము. ఒక్కచోట కూడా మా పాపను "నువ్వు ఎవరి పిల్లవు?" అని ఎవరూ అడగలేదు. గోధుమ రంగు చర్మంతో, రాని భాషతో వచ్చిన మా బిడ్డకు ఒక తల్లి బకెట్టు చూపించింది, ఒక ముసలమ్మ రుమాలు ఇచ్చింది. మన ఊళ్లలో ఆ ప్రశ్న ఇంకా ఉంది. ఊరు వేరు, పల్లె వేరు అనే గీత పిల్లలు గీసినది కాదు. మన ఆవరణలో ఇసుక పోస్తే అది మన సంఘపు పిల్లలకే అని గేటు దగ్గర నిలబడకూడదు. ఏ ఇంటి పిల్లలైనా, ఏ వీధి పిల్లలైనా, ఏ మతం వారి పిల్లలైనా రావాలి. బోరింగు దగ్గర మూడు భాషల పిల్లలు ఒకే కాలువ తీయగలిగితే, ఒకే తెలుగు మాట్లాడే మన పిల్లలు తీయలేరా?

పాడైపోయిన యెరూషలేము తిరిగి కట్టబడే దినాన్ని గురించి చెబుతూ జెకర్యా ప్రవక్త (8వ అధ్యాయం) కర్రలు పట్టుకొని కూర్చున్న వృద్ధులను, ఆ వీధులలోనే ఆడుకొనే బాలబాలికలను కలిపి చూపిస్తాడు. ఊరు బాగుపడిందనడానికి ఆయన చూపిన గుర్తు ఎత్తైన గోడ కాదు. శిథిలాల దిబ్బ మీద పిల్లలు జారుతుండగా చూసిన మాకు ఆ మాట అక్కడే బాగా అర్థమైంది.

వచ్చే వేసవిలో కూడా మన మందిరాలలో వి.బి.యస్. జరుగుతుంది. పది రోజులు ఆవరణ నిండా పిల్లలు ఉంటారు. పదకొండవ రోజు ఉదయం గేటుకు తాళం వేసే ముందు సంఘ పెద్దలు, పాస్టరుగారు, స్త్రీల సమాజంవారు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని మా మనవి. ఆ తాళం వేయకుండా ఉండడానికి ఏమి కావాలో లెక్క వేయండి. ఒక ట్రాక్టరు ఇసుక కంటే ఎక్కువ కాదని మీకే తెలుస్తుంది.